నలభై ఒక్క వేల ఊలు

మాటలపందిరి వెబ్‌సైటులో సభ్యులైనవారికి ఏ విషయం మీదైనా మొదటి వాక్యం మామూలుగానే వస్తుంది గానీ, ఆ సైటులో ఎవరో ఒకరు ‘ఊ’ బటన్ నొక్కితే తప్ప రెండో వాక్యం నోట్లోంచి రాదు.

సైటు పెట్టిన మూడో ఏడు ఈ సంగతి బయటపడింది. పలాస దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారు పాఠం మొదలుపెట్టి, “అశోకుడు గొప్ప చక్రవర్తి” అని ఆగిపోయారు. పిల్లలు నోట్సులో అంతవరకు రాసుకుని పీరియడ్ అయ్యేదాకా కూర్చున్నారు. ఆస్పత్రిలో గొంతు పరీక్షించి, లోపమేమీ లేదనీ, ఊ అందడం లేదనీ చీటీ మీద రాసిచ్చారు. ఆ తర్వాత ఏర్పాట్లు చక్కబడ్డాయి. సభ్యుడు ఎక్కడ ఏ మాట మాట్లాడినా ఆ వాక్యం దానంతటదే సైటులో కనిపిస్తుంది. ఎక్కడో ఉన్న ఇంకో సభ్యుడు ఊ నొక్కుతాడు. ఇక్కడ రెండో వాక్యం వస్తుంది. ఇందుకు సగటున నాలుగు సెకన్లు పట్టేది. నోటితో కొట్టే ఊ పనిచేయదని రెండుసార్లు పరీక్షించి తేల్చారు.

సభ్యులు దీన్ని ఇబ్బందిగా ఎప్పుడూ చూడలేదు. పైగా చాలా గర్వపడేవారు. బొబ్బిలిలో ఒక ఇల్లాలు మొగుడి మీద కోప్పడుతుంటే, మొగుడు పేపర్లోంచి తలెత్తకపోయినా కర్నూలులో ఎవరో ఊ కొట్టేవారు. ఆమె తిట్టదలుచుకున్నదంతా తిట్టగలిగేది. ఇంతగా వినేవాళ్లు ఇంకే సైటులో ఉన్నారో చూపించమని సభ్యులు సవాలు చేసేవారు. ఆ సవాలు కింద కూడా వేల ఊలు పడేవి.

ఆరో ఏడు జూలైలో సైటు నిర్వాహకుడు కొల్లి మృత్యుంజయరావు గారు ఒక ప్రకటన పెట్టారు. ఆయన విశాఖలో ఒక బట్టల దుకాణం మేడమీద రెండు గదుల్లో సైటు నడుపుతారు. నియమాలు అందరికీ ఒకటే కావాలని ఆయన కూడా సభ్యుడిగానే చేరారు. అందువల్ల ఆయన ప్రకటన కూడా ఒక్కో వాక్యంగానే వచ్చింది. మొదటి వాక్యం, “ఊ బటన్ గురించి ఒక ముఖ్యమైన ప్రకటన.” అంతే. రెండోది కావాలంటే ఊ కొట్టాలి. అందరూ కొట్టారు. రెండో వాక్యంలో సభ్యులకు కృతజ్ఞతలు ఉన్నాయి. కొట్టారు. అలా కొట్టుకుంటూ పోగా, సర్వర్ల మీద భారం పెరిగిందని ఏడో వాక్యంలోనూ, ఊ బటన్ తీసేసి దాని చోట ‘ముందుకు పంపు’ అనే బటన్ పెట్టదలిచామని పన్నెండో వాక్యంలోనూ తెలిసింది. అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు ఉందని పదహారో వాక్యం చెప్పింది. దానికీ ఊ కొట్టాక పదిహేడో వాక్యం వచ్చింది.

“పై పదహారు వాక్యాలకు వచ్చిన ఊలను తొలగింపునకు సమ్మతిగా పరిగణిస్తాం.”

మొత్తం సభ్యులు నలభై ఒక్క వేల రెండు వందల ఆరుగురు. ఊ కొట్టినవారు నలభై ఒక్క వేల రెండు వందల ముగ్గురు. మిగిలిన ముగ్గురిలో ఒకరు జూన్‌లోనే పోయారు. ఒకరి ఫోన్ గెడ్డ దాటుతుంటే నీళ్లలో పడిపోయింది. మూడోవారు లెంక సన్యాసమ్మ. సైటు చరిత్రలో ఇన్ని ఊలు ఏ పోస్టుకూ రాలేదని ఆ సాయంత్రానికల్లా లెక్క తేలింది. చాలామంది ఆ అంకెను తమ పేరు పక్కన పెట్టుకున్నారు.

మర్నాడు చర్చ మొదలైంది. బటన్ ఉండాలనే పక్షానికి గెంబలి తవిటినాయుడు గారు పెద్ద. ఆయన పార్వతీపురంలో రిటైరైన హెడ్మాస్టరు. హాజరు పట్టీలో ఏనాడూ కొట్టివేత లేకుండా ముప్పై మూడేళ్లు పనిచేసిన మనిషి. బటన్ పోవాలనే పక్షంలో చందక హేమలత అనే ఒక్కరే గట్టిగా మాట్లాడేది. ఆమె విజయనగరంలో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. ఎవరూ ఏమీ వినకుండానే ఊ కొడుతున్నారని ఆమె వాదన. రుజువుగా, అంతకు ముందు నెలలో “నేను నిన్న చనిపోయాను” అని తాను పెట్టిన పోస్టును, దాని కింద పడిన తొమ్మిది వందల ఊలను చూపించింది.

“చచ్చిపోయినా వినేవాళ్లం తల్లీ మేం” అన్నారు తవిటినాయుడు గారు. నాలుగు సెకన్లయ్యాక, “నువ్వు బతికున్నావని అప్పుడే అనుకున్నాం, మర్యాద కొద్దీ అడగలేదు” అని కూడా అన్నారు.

ఊలను సమ్మతిగా లెక్కించడం కుదరదని, అవి విన్నామని చెప్పడానికి కొట్టినవేనని ఆయన నిర్వాహకుడికి రాశారు. మృత్యుంజయరావు గారు ఆ రోజే జవాబిచ్చారు.

“అయితే మీరు పదహారు వాక్యాలూ విన్నారన్నమాట.”

“విన్నామండి.”

“విన్నాక కూడా ఊ అన్నారు కదండి.”

అయితే ఆయన దారి మూసేయలేదు. సైటులో ఒక ఫారం పెట్టారు. ‘నేను ప్రకటనను వినకుండా ఊ కొట్టాను’ అన్న ఒక్క వాక్యం కింద పేరు రాస్తే చాలు, ఆ ఊను లెక్కలోంచి తీసేస్తారు. సగం మందికి పైగా రాస్తే బటన్ ఉంటుంది. గడువు అదే, ముప్పయ్యో తారీకు సాయంత్రం ఆరు గంటలు. ఊ వెనక్కి తీసుకోవడానికి ‘ఊహూఁ’ అనే బటన్ పెట్టవచ్చు కదా అని ఒకరు అడిగితే, ఆ దరఖాస్తు సైటు మొదలైన రోజు నుంచీ పరిశీలనలో ఉందని చెప్పారు.

ఫారం చూడగానే హేమలత మాట మార్చింది. ఇన్నాళ్లూ బటన్ పోవాలన్న మనిషి, ఇలా పోకూడదంది.

“మాస్టారూ, వినలేదని ఒక్క సంతకం పెట్టండి, బటన్ మీకే ఉంటుంది” అని రాసింది.

“అది అబద్ధమమ్మా.”

“నేనైతే మూడో వాక్యం నుంచి చూడకుండానే కొట్టాను, పొయ్యి మీద పాలున్నాయి.”

“నువ్వు పెట్టుకో సంతకం” అన్నారు ఆయన. ఊ పడ్డాక, “మేం విని కొట్టాం, ప్రాణం పోయినా వినలేదని రాయం” అన్నారు. ఈ రెండో వాక్యానికి పదకొండు వేల ఊలు పడ్డాయి. ఊ బటన్‌ను కాపాడడానికి ఊ గౌరవాన్ని తీయలేమని ఆయన పక్షం వాళ్లు పెట్టుకున్న సంఘం తీర్మానించింది. ఫారం మీద మొదటి వారంలో ఇరవై ఆరు పేర్లు వచ్చాయి. అందులో హేమలత పేరు మొదటిది. ఆ ఇరవై ఆరుగురినీ తర్వాత ఎవరూ పెళ్లిళ్లకు పిలవలేదు.

సన్యాసమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు డెబ్బై ఒకటి. పార్వతీపురానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, పునరావాస కాలనీలో, వరసకు నాలుగో ఇంట్లో ఉంటుంది. ఆమె నాలుగేళ్లుగా మాటలపందిరిలో తన ఊరి కథ చెబుతోంది. ఊరి పేరు గెడ్డవలస. ఇప్పుడది రిజర్వాయరు అడుగున ఉంది. రోజూ పొద్దున్నే చోడి అంబలి దించి, ఫోన్ కిటికీలో నిలబెట్టి, ఒక్క వాక్యం చెబుతుంది. ఆమె కథకు మూడు వేల నూట పద్దెనిమిది మంది శ్రోతలు.

గెడ్డవలస వాళ్లు ఊ కొట్టడంలో ఆ చుట్టుపక్కల పేరు పడ్డవాళ్లని ఆమె కథలో చాలా వాక్యాలు ఉన్నాయి. జముకుల కథ చెప్పేవాళ్లు పెద్ద ఊళ్లు మానుకుని గెడ్డవలస వచ్చేవారట. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. విన్నవాళ్లందరూ ఊ అంటే గాని చెప్పేవాళ్లు రెండో మాట ఎత్తకూడదు. ఎవరైనా దూడను కట్టడానికి వెళితే, వాళ్లు వచ్చి కూర్చుని ఊ అనేదాకా కథలో రాజు గుర్రం మీద కాలెత్తి అలాగే ఉండాలి. సన్యాసమ్మ సైటులో కూడా ఆ పద్ధతే పాటించింది. నియమం ప్రకారం ఒక్క ఊ చాలు. ఆమెకు మూడు వేల నూట పద్దెనిమిదీ కావాలి. అందుకే రోజుకు ఒక్క వాక్యం.

ప్రకటన వచ్చిన నాటికి ఆమె కథలో పదహారు వాక్యాలు మిగిలాయి. గడువు పదిహేను రోజులు.

ప్రకటనకు ఆమె ఊ కొట్టకపోవడం మరిచిపోయి కాదు. నలభై ఏళ్లుగా ఆమె కథలకు తప్ప కాగితాలకు ఊ కొట్టలేదు. రెండో రోజునే ఆమె ఆ ప్రకటన కింద ఒక వాక్యం పెట్టింది.

“దీని కింద ఎవులూ ఊ కొట్టకండి బాబూ.”

ఎందుకు కొట్టకూడదో రెండో వాక్యంలో చెప్పేది. కానీ ఆ వాక్యం కూడా ప్రకటన కిందే ఉంది. పెద్దావిడ మాట మీద గౌరవంతో ఆమె వాక్యానికి ఒక్కరూ ఊ కొట్టలేదు. రెండో వాక్యం రాలేదు. నలభై ఒక్క వేల మంది ఒక్క మాట మీద నిలబడ్డారని తవిటినాయుడు గారు ఆ రోజు ప్రత్యేకంగా పోస్టు పెట్టారు. ఆ విషయం మీద సన్యాసమ్మ మొదటి వాక్యం అయిపోయింది కనుక, ఇంకోచోట చెప్పడానికీ వీలు లేకపోయింది.

ఆమెకు మిగిలింది కథ ఒక్కటే. కథలో అప్పటికి, రిజర్వాయరు గురించి ఊళ్లో సభ పెట్టిన రోజు వచ్చింది. స్కూలు ముందు బల్ల వేశారని ఒక రోజు చెప్పింది. జీపులో దొర దిగాడని ఒక రోజు. దొర కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడని ఒక రోజు. “మా ఊరోలు కత ఇన్నట్టే ఇన్నారు” అని ఏడో రోజు. “ముక్క ముక్కకీ ఊ కొట్టేరు” అని ఎనిమిదో రోజు. “అంత బాగా ఇన్న ఊరు ఇంకోటి సూడనేదని దొర మెచ్చుకున్నాడు” అని తొమ్మిదో రోజు. శ్రోతలు ఆనందంగా ఊలు కొట్టారు. గెడ్డవలసకు తామే వారసులమని కొందరు రాసుకున్నారు.

పదో రోజున తవిటినాయుడు గారు ఆర్టీసీ బస్సెక్కి కాలనీకి వచ్చారు. చేతిలో అరటిపళ్లు, సంఘం తరఫున ఒక వినతిపత్రం. సన్యాసమ్మ గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమెను సైటులో అందరూ అక్కా అనడానికి అప్పా అనే పిలుస్తారు.

“అప్పా, రోజుకి రెండు సెప్పెయ్” అన్నారాయన. హెడ్మాస్టరు భాష ఆయన కాలనీ మొదట్లోనే వదిలేశారు.

“రెండు సెప్తే ఒకలు ఎనకబడిపోతారు కదా తమ్ముడూ.”

“ఎవుడా ఎనకబడేది?”

“లారీ బాబు.”

లారీ బాబు అంటే జోగారావు. ఆయన ఒడిశా ఘాట్ రోడ్ల మీద లారీ నడుపుతాడు. సిగ్నల్ దొరికిన చోట ఆపి ఊ కొడతాడు. నాలుగేళ్లుగా రోజూ చివరి ఊ ఆయనదే. ఆయన ఊ పడ్డాకే సన్యాసమ్మ ఆ రోజుకు కథ ముగిసిందనుకునేది.

తవిటినాయుడు గారు ఫోన్ చూసుకున్నారు. ఊ పడింది. “ఒక్కడి కోసం మూడేల మందిని ఆపుతావేటప్పా?”

ఆమె చేతిలో పిక్క పక్కన పడేసింది. తనకూ ఊ పడ్డాక అంది. “మూడేల మంది ఇన్నారని నాకెలగ తెల్సు, ఆ ఒక్కడూ ఇన్నాడని తెలిస్తేనే కదా.”

ఈ మాట ఆయనకు బాగా నచ్చింది. వినతిపత్రం ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో, మన అప్ప లాంటి కథకురాలు ఏ సైటుకూ లేదని పోస్టు పెట్టారు. ఫారం మీద పేర్లు ఆ రోజుకు ముప్పై ఒకటి.

ముప్పయ్యో తారీకు పొద్దున సన్యాసమ్మ పదిహేనో వాక్యం చెప్పింది. “ఊరు కాళీ సేయమన్న రోజున మేం గొడవ సేత్తే, దొర మల్లీ వొచ్చి, అయితే మీరు ఇనకుండా ఊ కొట్టేరా అని అడిగినాడు.”

మధ్యాహ్నానికి రెండు వేల తొమ్మిది వందల ఊలు పడ్డాయి. తవిటినాయుడు గారు మళ్లీ బస్సెక్కి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఐదు గంటలకు మూడు వేల నూట పదిహేడు. జోగారావు ఒక్కడే మిగిలాడు.

“ఏటన్నారప్పా మీ ఊరోలు?” అన్నారాయన.

సన్యాసమ్మ ఫోన్ వైపు చూసింది. ఆమెకు చెప్పాలని ఉంది. చెబితే ఈ మనిషి జేబులోంచి పెన్ను తీసి ఫారం మీద పేరు రాస్తాడని ఆమెకు తెలుసు. ఆయన రాస్తే ఇరవై ఒక్క వేల మంది రాస్తారని కూడా తెలుసు. చివరి వాక్యం నోటి దాకా వచ్చి ఉంది. ఐదూ నలభైకి ఆయన మళ్లీ అడిగారు. ఐదూ యాభైకి కాలనీలో నీళ్ల ట్యాంకరు వచ్చింది. వీధిలో వాళ్లంతా బిందెలతో వెళ్లారు. ఈ ఇద్దరే కదలలేదు.

“గెడ్డవలసలో ఎవుల్నీ ఒగ్గీసి కత సెప్పలేదు” అంది సన్యాసమ్మ చివరికి. కళ్లు తుడుచుకుంది గానీ, వీపు నిటారుగానే ఉంది.

ఆరు గంటలకు ఊ బటన్ పోయింది. దాని చోట ‘ముందుకు పంపు’ వచ్చింది. జోగారావు ఆరూ నాలుగుకు సిగ్నల్ దొరికి లారీ ఆపాడు. నొక్కడానికి ఏమీ లేక, వాక్యాన్ని ముందుకు పంపాడు.

ఆ తర్వాత జీవితం అనుకున్నంత కష్టం కాలేదు. కొత్త విషయం మీద మొదటి వాక్యం ఎప్పుడైనా వస్తుంది. అందుకని సభ్యులు ఒక వాక్యం చెప్పి, ఇంకో విషయంలోకి వెళ్లడం నేర్చుకున్నారు. పాలకొండలో ఒకాయన, “మా అమ్మకి వంట్లో బాగాలేదు” అన్నాక, “ఈ ఏడు మామిడి బాగా కాసింది” అన్నాడు. విన్నవాళ్లు రెండింటినీ ముందుకు పంపారు. సోమవారం అర్జీల దినాన కలెక్టరాఫీసులో పని మధ్యాహ్నానికే అయిపోతోంది. పింఛను రాలేదని ఒక వాక్యం చెప్పి అర్జీదారు ఆగిపోతాడు. ఇంకేమైనా చెప్పాలా అని గుమాస్తా మర్యాదగా అడుగుతాడు. అర్జీదారు నిలబడి ఉంటాడు. ఇంకేమీ చెప్పలేదని గుమాస్తా రాసుకుంటాడు. టీవీ చర్చల్లో తేడా ఎవరికీ కనిపించలేదు.

సభ్యత్వం మానుకుంటే పాత నోరు వస్తుంది. అయితే మానుకోవడానికి కారణాన్ని కనీసం మూడు వాక్యాల్లో వివరించాలని మొదటి నుంచీ నియమం ఉంది. మృత్యుంజయరావు గారు ఇరవై తొమ్మిదో తారీకునే, ఊ ఇంకా ఉండగానే, మూడు వాక్యాలు చెప్పి సభ్యత్వం రద్దు చేసుకున్నారు. హేమలత ముప్పయ్యో తారీకున రెండు వాక్యాలు చెప్పింది. మూడోది చెప్పబోతుంటే ఆరైంది.

సెప్టెంబరులో పార్వతీపురంలో ఒక కల్యాణ మండపం తీసుకుని సైటు వార్షికోత్సవం చేశారు. వేదిక వెనక కట్టిన బ్యానర్ మీద 41,203 అన్న అంకె మాత్రమే ఉంది. అది చూసి చాలామందికి కళ్లు చెమర్చాయి. సగటున రోజుకు అందరికంటే ఎక్కువ ఊలు అందుకున్న సభ్యురాలిగా సన్యాసమ్మకు శాలువా కప్పారు. మొదటి వరసలో తవిటినాయుడు గారు, ఆయన పక్కన ఒక కుర్చీ ఖాళీగా వదిలి హేమలత కూర్చున్నారు. చివర్లో తలుపు దగ్గర జోగారావు నిలబడ్డాడు.

అప్పను రెండు మాటలు మాట్లాడమన్నారు. అలవాటు కొద్దీ అలా అన్నారు గానీ, ఒక వాక్యం వరకే వస్తుందని అందరికీ తెలుసు. గెడ్డవలస కథలో ఆమెకు ఇక వాక్యం లేదు. ఊ బటన్ సంగతిలో మొదటి వాక్యం ఏనాడో ఖర్చయింది. వేదిక మీద ఉన్న బ్యానర్ గురించి మాత్రం ఆమె ఇంతవరకు ఏమీ అనలేదు. ఆమె వెనక్కి తిరిగి ఆ అంకె వైపు చెయ్యి చూపించి, మైకు దగ్గరికి వచ్చింది.

“మేం ఇన్నాం అన్నాం, ఆళ్లు ఒప్పుకున్నారని రాసుకున్నారు.”

అది నాలుగేళ్ల కథలో చివరి వాక్యమో, బ్యానర్ మీద మొదటి వాక్యమో నోటికి తేడా తెలియలేదు. వచ్చేసింది. తలుపు దగ్గర జోగారావు ఒక్కసారి తల వంచి, “ఊ” అన్నాడు నోటితోనే. సన్యాసమ్మ మూడు వేల నూట పద్దెనిమిదోది లెక్కవేసుకుని, శాలువా సర్దుకుని కూర్చుంది. మొదటి వరసలో తవిటినాయుడు గారి చెయ్యి జేబులోని పెన్ను మీదికి వెళ్లి అక్కడే ఆగింది. హేమలత ఆయన్ను చూసింది. ఇద్దరిలో ఎవరికీ ఈ విషయం మీద వాక్యాలు మిగల్లేదు. సభ చప్పట్లు కొట్టింది. సన్యాసమ్మ గారు సంతోషం వ్యక్తం చేశారని మినిట్స్‌లో రాశారు.

తర్వాతి అంశానికి మృత్యుంజయరావు గారు లేచి, కాగితం విప్పి, కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయనకు ఎన్ని వాక్యాలైనా వస్తాయి. అయినా సభ్యుల మీద గౌరవంతో ఒకటి చదివి ఆగారు.

“మొదటి వాక్యం గురించి ఒక ముఖ్యమైన ప్రకటన.”

సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దావిడకు ఆవలింత వచ్చిందని రాసుకున్నారు. బటన్ లేకపోయినా అలవాటు పోనందుకు ఒకరినొకరు చూసుకుని మురిసిపోతూ, మండపంలో ఉన్న మిగతావాళ్లంతా ఒక్క గొంతుతో, “ఊ” అన్నారు.